పూలకొట్టు పలకరింపు

"హైమా! ఓ హైమా! ఏ లోకంలో ఉన్నావమ్మా?"

సర్వేశ్వర్రావు మాస్టారి పిలుపుకి హైమ ఉలిక్కిపడి కిటికీలోంచి చూపు మళ్ళించుకుంది. కాకినాడలో కుట్టుమిషన్ల కొట్టు మీద ఒకే ఒక్క గదిలో ఆయన ప్రోగ్రామింగ్ నేర్పుతారు. అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పడం ఆయనకి అలవాటు లేదు.

ఆ పూట గదంతా తోటి విద్యార్థి మురారి మీద పడింది. ఊళ్ళో దుకాణాలకి వాళ్ళు కట్టిన వెబ్ పేజీలన్నీ ప్రోగ్రాములో 'క్లాసు' అనే ఒకే మూసలోంచి పుట్టినవి. ఆ క్లాసుని చూసుకునేది మురారి. పొద్దున్నే పళ్ళ డాక్టరుగారు ఫోన్ చేసి కేకలేశారు. అపాయింట్‌మెంట్ కోసం వచ్చినవాళ్ళని ఆయన పేజీ "ఎంతసేపని ఎదురుచూడను? రావూ!" అని పిలుస్తోందట.

"ఏం మురారీ, పిప్పిపన్ను మీద మనసు పడ్డావా?" అంది పక్క కుర్చీలోని కమల. అందరూ నవ్వారు.

"నేను రాయలేదు" అన్నాడు మురారి, ఎవరూ నమ్మరని తెలిసిన గొంతుతో. సాయంత్రంలోగా సంగతి తేలకపోతే క్లాసు పని అతని చేతిలోంచి తీసేస్తానన్నారు మాస్టారు.

ఆ మాట హైమది. తను కట్టిన పూలకొట్టు పేజీని మురారి సరిచూస్తాడని తెలిసి, అతని కంట పడాలనే ముచ్చటపడి రాసుకుంది. తన పేజీలోనే కదా రాసింది! డాక్టరుగారి దాకా ఎలా పాకింది? నోరు విప్పితే మురారి గట్టెక్కుతాడు. కానీ ఎవరికోసం రాశావని అడగరూ?

చివరికి చుట్టుదారిన అడిగింది. "మాస్టారూ, క్లాసు మీద పెట్టిన పలకరింపు మాటని ఒక పేజీలోంచి మారిస్తే, ఆ ఒక్క పేజీకే కదండీ మారాలి?"

ఆయన ఫ్యాన్ల వంక చూశారు. "వణుకుతున్నావేం? గాలి ఎక్కువైందా? రెగ్యులేటరు నీ పక్కనే ఉందిగా, తగ్గించుకో."

హైమ తిప్పింది. మూడు ఫ్యాన్లూ ఒక్కసారే నీరసించాయి. నడి వేసవి మధ్యాహ్నం!

"అమ్మో, ఉడికిపోతున్నాం! ఎవరే అది?" అరిచింది కమల.

"నా ఫ్యాను ఒక్కటే తగ్గుతుందనుకున్నానండీ" అంది హైమ, గబగబా మళ్ళీ పెంచుతూ.

"నీ చేతికి అందింది కనక నీదే అనుకున్నావు" అన్నారాయన మెత్తగా. "గాలి అందరికీ రావాలి. మీట మాత్రం అందరి పక్కనా ఉండకూడదు. క్లాసు మీది మాటా అంతే, పేజీలు దాన్ని చదువుకుంటే చాలు, రాయనక్కర్లేదు."

అప్పటికే మురారి కీబోర్డు పక్కకి నెట్టి లేవబోతున్నాడు. ఎవరి వంకా చూడటం లేదు. హైమకి ఇక కూర్చోబుద్ధి కాలేదు.

"రాసింది నేనండీ, మాస్టారూ! మురారికి ఏం తెలీదు. నా పూలకొట్టు పేజీలో రాశాను. మురారి... మురారి ఒక్కడే చదువుతాడని రాశాను. ఊరంతా చదువుతుందని అనుకోలేదు."

లేవబోయిన మురారి మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు. చెవులు మందారాల్లా ఎర్రబడ్డాయి.

మాస్టారు ఫోన్ అందుకుని వరండాలోకి నడిచారు. గుమ్మంలో ఒక్క క్షణం ఆగారు.

"డాక్టరుగారికి నేను చెప్పుకుంటాలే, తల్లీ. నీ మాట చేరాల్సినచోటికి చేరిందో లేదో నువ్వు చూసుకో."