ఒంటిచెవి మేకపిల్ల

మణిగిరి ఆస్థాన చిత్రకారుడు వీరభద్రాచారి ముఖం గీస్తే అద్దానికే అసూయ పుట్టేది. అటువంటి ఆయనకు ఒకనాడు తోలుబొమ్మలాట మీద మనసు పోయింది. పట్టుతెర, వెండి దీపాలు, బంగారు నగిషీల జింకతోలు బొమ్మలు సిద్ధం చేయించుకుని రాజును దర్శించాడు.

"ప్రభూ, ఈ వసంతోత్సవం నుంచి ఆట నాది. ఆ చిరుగు దుప్పటి ఆట ఇక మాన్పించండి."

ఆ దుప్పటి, ఏటా ఉత్సవంలో దాన్నే తెరగా కట్టి బొమ్మలాడించే గంగులమ్మది. ఉత్సవంలో ఆట పోతే తన ఇంట పొయ్యిలో పిల్లి లేవదు. "ఇద్దరి ఆటా చూసి తేల్చండి దొరా" అని వేడుకుంది. రాజు సరేనన్నాడు.

పొద్దు గూకగానే ఆచారి మొదలుపెట్టాడు. పటాలు గీసిన చెయ్యి కదా, నగిషీ అందరికీ కనబడాలని ఒక్కొక్క బొమ్మనూ తెరకు ఆనించి కదలకుండా నిలిపాడు. జనం మొదట ఆహా అన్నారు. ఆ తరువాత ఆవులించారు.

గంగులమ్మ మట్టిప్రమిద వెలిగించి, పాతబడి ఒక చెవి ఊడిన మేకపిల్ల బొమ్మను తీసింది. తెర మీద వాగు పొంగింది. అవతలి ఒడ్డున తల్లిమేక అరుస్తోంది. పిల్ల తడబడుతూ దుంగ మీద సగం దూరం వచ్చింది. దుంగ ఫెళ్ళున విరిగింది. గంగులమ్మ ఉఫ్ఫుమని దీపం ఆర్పేసింది.

"అయ్యో, పిల్ల ఏమైంది?" చీకట్లో అందరికన్నా ముందు అరిచిన గొంతు ఆచారిదే.

"నాది చిన్న దీపం, ఆరిపోయింది ఆచారిగారూ. తమకు వెండి దీపాలున్నాయిగా! అవి వెలిగించి, తమరే చూసి చెప్పండి."

రాజు పకపకా నవ్వాడు. అందరికన్నా ముందు అరిచింది తానేనని గుర్తొచ్చి ఆచారీ నవ్వేశాడు. వెండి దీపం వెలిగించి తెచ్చి, చిరుగు దుప్పటి వెనుక చతికిలబడ్డాడు.

"ఉత్సవం నీదేనమ్మా. ముందు ఆ పిల్లను ఒడ్డుకు చేర్చు!"