చివరగా దూకే సింగారి

అనగనగా ఒక అడవిలో, వాగు ఒడ్డున, ఒక కొండముచ్చుల గుంపు ఉండేది. ఆ గుంపులో ఎవరి పని వాళ్ళది. కొందరు కాపలా కాయాలి, కొందరు పిల్లల్ని చూసుకోవాలి. మరి గుంపు పెద్దకేం పని? కాలు మీద కాలేసుకుని పెత్తనం చెయ్యడం అనుకుంటున్నారు కదూ? కాదర్రా. అందరికంటే కష్టమైన పని ఆ పెద్దదే.

వాగు దాటాలంటే ఇవతలి మద్దిచెట్టు కొమ్మ మీంచి అవతలి చింతచెట్టు మీదికి దూకాలి. ఆ మద్దికొమ్మ మహా ఊగుతుంది. అందుకని గుంపు పెద్ద కింది కొమ్మ మీద నిలబడి, పై కొమ్మను ఊగకుండా రెండు చేతులా పట్టుకోవాలి. అందరూ దాటాక తను దూకాలి. అప్పుడు కొమ్మ పట్టేవాళ్ళు ఎవరూ ఉండరు.

ఏళ్ళ తరబడి ఆ పని పుల్లయ్య తాత చేశాడు. ఆయన పోయాక అందరూ కలిసి సింగారిని పెద్దను చేశారు.

ఆ ఏడు ఎండలకి ఇవతలి ఒడ్డున ఆకంతా మాడిపోయింది. వెంటనే వానలొచ్చి వాగు నిండింది. అవతలేమో నేరేడు పళ్ళు నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఇక దాటాల్సిందే.

మొదటి రోజు సింగారి కొమ్మెక్కి కిందికి చూసింది. నీళ్ళు సుడులు తిరుగుతున్నాయి. చప్పున వెనక్కి జరిగింది.

"ఇవాళ గాలి ఎక్కువగా ఉంది. రేపు చూద్దాం" అంది.

మర్నాడు, "కొమ్మ తడిగా ఉంది, జారుతుంది" అంది.

"తడి ఎప్పుడో ఆరిపోయింది కదక్కా" అన్నాడు కాపలా కాసే వీరన్న.

"పెద్దను నువ్వా, నేనా? నోరు మూసుకో" అని కసిరింది సింగారి. పాపం, వీరన్న చిన్నబుచ్చుకున్నాడు.

మూడో రోజు సరైన వంక దొరకలేదు. "ఆ పళ్ళింకా పుల్లగా ఉంటాయి" అంది. గవరమ్మత్త ఒళ్ళో చంటిది పాలకోసం ఏడుస్తోంది. తల్లికే తిండి లేకపోతే పాలెక్కణ్ణుంచి వస్తాయి? ఏడ్చి ఏడ్చి, ఇక ఓపిక లేక ఆ చంటిది ఊరుకుంది. అది చూసి సింగారి కొమ్మ దిగింది. వెళ్ళి గవరమ్మ పక్కన కూర్చుంది.

"అత్తా, గాలీ లేదు, తడీ లేదు. నాకు భయంగా ఉంది. మిమ్మల్నందర్నీ దాటించి, ఆఖర్న ఒక్కదాన్నే దూకాలంటే కాళ్ళూ చేతులూ ఆడటం లేదు" అని తల దించుకుంది. ఇక తన పెద్దరికం పోయినట్టే అనుకుంది.

గవరమ్మ నవ్వలేదు.

"పుల్లయ్య దూకేముందు మనల్నందర్నీ నోటికొచ్చినట్టు తిట్టేవాడు, గుర్తుందా? కోపిష్టివాడు అనుకున్నాం. ఆయనకీ భయమేనేమో. చెబితే కదే మాకు తెలిసేది? నువ్వు మమ్మల్ని దాటించు. నీ సంగతి మేం చూసుకుంటాం" అంది.

సింగారి కొమ్మను బిగబట్టింది. ఒక్కొక్కరే దాటారు. చంటిదాన్ని పొట్టకు హత్తుకుని గవరమ్మ కూడా దాటింది. ఆఖర్న వీరన్న దూకుతూ, "వచ్చెయ్ అక్కా, మేమున్నాం" అన్నాడు.

సింగారి పై కొమ్మ మీదికి ఎక్కింది. కొమ్మ ఊగసాగింది. భయం పోయిందా? ఎక్కడికి పోతుంది, అక్కడే ఉంది. కానీ అవతలికి చూస్తే, ఒక్కరూ పళ్ళ జోలికి పోలేదు. అంత ఆకలితోనూ అందరూ చింతకొమ్మ మీద చేరి, బరువంతా వేసి దాన్ని వాగు మీదికి వంచుతున్నారు. కొమ్మ చివర వీరన్న చెయ్యి చాపి ఉన్నాడు.

సింగారి గట్టిగా ఊపిరి పీల్చుకుని దూకింది. వీరన్న చెయ్యి అందింది. మిగతావాళ్ళంతా కలిసి లోపలికి లాగారు.

"నిన్ను ఊరికే కసిరాను వీరన్నా. మీ అందరి మేలూ మర్చిపోను" అంది సింగారి. గవరమ్మ నేరేడు పండు అందిస్తే, "ముందు నువ్వు తిను అత్తా, చంటిదానికి పాలు పడాలి" అని వెనక్కిచ్చేసింది.

తర్వాత ఇంకా ఊగుతున్న మద్దికొమ్మ వైపు చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"తాతా, ఇన్నేళ్ళూ మాకోసం ఒక్కడివే దూకావా?" అంది.

పళ్ళు తింటున్నవాళ్ళంతా ఆగి అటు చూశారు. ఆనాటి నుంచి ఆ గుంపులో అవతలికి చేరినవాళ్ళు ముందు చింతకొమ్మ వంచేవాళ్ళు. ఆ తర్వాతే పళ్ళు.

నీతి: భయాన్ని మనవాళ్ళతో చెప్పుకుని, మన పని మనం చెయ్యడమే ధైర్యం. మనల్ని దాటించినవాళ్ళు తామూ దాటారో లేదో చూశాకే మనం పండు కొరకాలి.