అరిగిన మీట

కొండగెడ్డ రాజావారికి ప్రతిదాన్నీ కొలిచే పిచ్చి పట్టుకుంది. తాతగారు ఇంగ్లీషు సీమ నుంచి తెప్పించుకున్న జేబుగడియారం ఒకటుంది. దాని పక్కనున్న మీట నొక్కితే సన్నముల్లు పరుగు మొదలెడుతుంది. మళ్లీ నొక్కితే ఆగుతుంది. మూడోసారి నొక్కితే పన్నెండుకి తిరిగొస్తుంది. ఇంకేం, గుర్రం పరిగెత్తినా నొక్కడమే, పహిల్వాన్లు కలబడినా నొక్కడమే. రాణిగారి అలక ఎంతసేపుందో కూడా కొలిచారట. దాంతో ఆవిడ మళ్లీ అలిగారు.

అలా నొక్కగా నొక్కగా మీట అరిగి, ఒకనాడు ముల్లు పన్నెండుకి రాకుండా నాలుగు గీతల ఇవతలే కూలబడింది.

"దీన్ని అరగదీసినవాణ్ణి సంస్థానం దాటించేస్తాను" అన్నారు రాజావారు నిండు సభలో.

పేష్కారు కామేశం గారు వెంటనే అందుకున్నారు. రోజూ పొద్దున్నే రాజావారిని పొగడటం ఈయన అసలు పని. కాగితాలు చూడటం తీరికుంటేనే. ఆ పొగడ్త మధ్యలో ఒకసారి ఆవులించాడని గడియారాలు బాగుచేసే బురాన్ సాయిబంటే ఆయనకి ఒళ్లుమంట.

"ఇరవయ్యేళ్లుగా దాన్ని విప్పేదీ బిగించేదీ సాయిబే కదా ప్రభూ. తను కాకపోతే ఇంకెవరో చెప్పమనండి."

"రేపటికి బాగుచేసి, ఎవరి వల్ల అరిగిందో చెప్పు. చెప్పలేకపోతే నువ్వే" అన్నారు రాజావారు సాయిబుని పిలిపించి.

సాయిబు గడియారం అందుకున్నాడు. ఆ మీట నొక్కేది రాజావారొక్కరే. ఆ పేరు చెప్పి బతకలేడు. చెప్పకపోతే పెళ్లాం పిల్లలతో ఊరొదలాలి.

ఇంటికెళ్లి విప్పి చూశాడు. మీట కింది ఉక్కుకొక్కెం మొన అరిగి గుండ్రంగా అయిపోయింది. సన్నటి ఉక్కుముక్క అతికి, ఆకురాయితో రాసి మొన తేల్చాడు. పళ్లచక్రానికి పట్టిన మడ్డి తుడిచి చుక్క నూనె వేశాడు. ముల్లు బుద్ధిగా పన్నెండుకి చేరింది. ఇక తను ఎక్కడికి చేరాలో తెలియక కూర్చున్నాడు.

మర్నాడు సభలో రాజావారు నొక్కి చూసి సంతోషించారు. "సరే, ఎవరి వల్ల అరిగింది?"

"ప్రభువులు ఊరికే మీట నొక్కరు కదండీ. ఎవరిలోనైనా గొప్పతనం కనబడితేనే నొక్కుతారు. వేలసార్లు నొక్కితే గానీ ఆ ఉక్కు అరగదు. అంత గొప్పవాళ్లెవరా అని ఆలోచించాను. మన పంచకల్యాణి గుర్రమే అయ్యుంటుందండి."

కామేశం గారి మొహం మాడిపోయింది.

"గుర్రం పరిగెత్తేది వారానికోసారి" అన్నారు.

"అయితే పహిల్వాన్లండీ."

"కుస్తీలు నెలకోసారి. నేను ఆరేళ్లుగా రోజూ ప్రసంగిస్తున్నాను. నేను నోరు తెరవగానే ప్రభువులు నొక్కుతారు, ముగించగానే నొక్కుతారు. ఈ సభలో అంత గౌరవం ఇంకెవరికి దక్కింది?"

సాయిబు వినయంగా చేతులు కట్టుకున్నాడు. "అంటే ఆ మీట తమరి వల్లే అరిగిందంటారా?"

"అక్షరాలా నా వల్లే. సభంతా సాక్ష్యం."

సాయిబు రాజావారికి వంగి సలాం చేశాడు.

"చెప్పమన్న పేరు ఆయనే చెప్పేశారండి."

సభ గొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది రాజావారే. నేరం తన మీదికి రానందుకు అంత హాయిగా ఉంది మరి.

"పేష్కారు గారూ, ఊరొదలక్కర్లేదు. ఏడాదిపాటు నన్ను పొగడకండి, చాలు" అని, మెడలోని ముత్యాలహారం తీసి సాయిబు చేతిలో పెట్టారు.