మూడు చాపల ఏతం

అనగా అనగా, మన తాతల తాతలకు కూడా తాతలు బతికున్న రోజుల్లో, మెట్టనేలల మధ్య ఒక ఊరుండేది. ఆ ఊళ్లో ఒక బడి. ఆ బడికి ముగ్గురు పంతుళ్లు. ఒకరు లెక్కల పంతులు, ఒకరు పాటల పంతులు, ఒకరు చేతిపనుల పంతులు. ముగ్గురూ మంచివాళ్లే. ఒక్కరోజు కూడా బడి ఎగ్గొట్టి ఎరగరు. కానీ లెక్కల పంతులు తూర్పు మూల కూర్చునేవాడు. పాటల పంతులు పడమటి మూల. చేతిపనుల పంతులు బయట అరుగు మీద. ఒకరి మూల వైపు ఒకరు తొంగి చూసేవాళ్లు కాదు. అదే మర్యాద అనుకునేవాళ్లు.

ఆ బడి ఊడ్చే మనిషి నూకాలు. ముసలిది, ఒంటరిది. ఈతాకు చాపలు అల్లుకుని బతికేది. అక్షరం ముక్క రాదు. పొద్దున్నే మూడు చాపలు పరిచేది. సాయంత్రం మూడు చాపలు దులిపేది. చుట్టి తలుపు వెనక నిలబెట్టేది.

బడి వెనక చిన్న చోడి మడి ఉంది. చోళ్లంటే రాగులే. అందులో పండిన చోళ్లతోనే మధ్యాహ్నం పిల్లలకు అంబలి కాచేవాళ్లు. సగం మంది పిల్లలు ఆ అంబలి కోసమే వచ్చేవాళ్లు. అందులో తప్పేమీ లేదు. కాలే కడుపుకు చదువెక్కదు.

ఒక ఏడు వాన మొహం చాటేసింది. చోడి మొక్కలు తల వాల్చాయి. ఊరిపెద్ద చిట్టినాయుడు కర్ర పట్టుకుని బడికొచ్చాడు.

"పంతులుగార్లూ, మూడేళ్లుగా మా గుంటలకు చదువు చెబుతున్నారు. పక్కనే నుయ్యి ఉంది. నూతిలో నీళ్లున్నాయి. ఆ నీళ్లు ఈ మడికెక్కించే తెలివి వాళ్లకు వచ్చిందా? పున్నమి దాకా చూస్తాను. మొక్క బతికితే బడి ఉంటుంది. మొక్క చస్తే బడికి తాళం. గుంటలు పశువుల వెనక పోతారు."

చేద వేసి మడి తడపడం పిల్లల వల్ల అయ్యే పని కాదు. ఏతం ఎత్తాలి. ఏతం అంటే తెలుసుగా? నిలువు గుంజ మీద అడ్డంగా పొడుగాటి దూలం. దూలానికి ఒక కొసన బరువు రాయి. రెండో కొసన వెదురు గడ, గడకు బాన. గడను కిందికి లాగితే బాన నూతిలో మునుగుతుంది. వదిలితే రాయి బరువుకు పైకి లేస్తుంది.

"నూతి లోతు నేను కొలుస్తాను," అన్నాడు లెక్కల పంతులు.

"దూలం, గడ నేను చేయిస్తాను," అన్నాడు చేతిపనుల పంతులు.

"ఏతం పాట నేను నేర్పుతాను," అన్నాడు పాటల పంతులు.

ఎవరి చాప మీదికి వాళ్లు వెళ్లిపోయారు.

పున్నమి ఇంకా పది రోజులుందనగా ఊరంతా నూతి దగ్గర చేరింది. పిల్లలు గడ లాగారు. బాన దిగింది, దిగింది, నీటికి మూరెడు పైన ఆగిపోయింది.

"ఎనిమిది మూరలని చెప్పాను. నా పని నేను చేశాను," అన్నాడు లెక్కల పంతులు. ఆయన తాటిచెట్టంత మనిషి.

"ఎనిమిది మూరలే కోశాను. నా పని నేను చేశాను," అన్నాడు చేతిపనుల పంతులు. ఆయన పొట్టి మనిషి.

మర్నాడు గడకు ఇంకో ముక్క అతికారు. ఈసారి గడ దిగనే లేదు. రాయి మరీ బరువు. నలుగురు పిల్లలు గడ పట్టుకుని వేలాడితే ఏతం నలుగురినీ పైకెత్తింది.

"ఓరి, నీళ్లు తోడమంటే గుంటల్ని తోడుతోందిరా!" అని ఊరు ఊరంతా నవ్వింది.

"రాయి సంగతి తమరు చూస్తారనుకున్నాను," అన్నాడు లెక్కల పంతులు.

"తమరు చూస్తారని నేననుకున్నాను," అన్నాడు చేతిపనుల పంతులు.

మూడోరోజు రాయి మార్చారు. పిల్లలు పాట అందుకున్నారు. మంచి పాటే. కానీ చరణం చాంతాడంత. చరణం సగంలో ఉండగానే బాన పైకొచ్చేసింది. పాడాలో పట్టుకోవాలో పిల్లలకు తోచలేదు. బాన నూతి గట్టుకు కొట్టుకుని పగిలింది.

"వాళ్లు ఒక్క మాట తప్పు పాడలేదు. నా పని నేను చేశాను," అన్నాడు పాటల పంతులు.

చిట్టినాయుడు లేచి కండువా దులుపుకున్నాడు. "ముగ్గురూ మీ పని మీరు చేశారు. నీళ్లే వాటి పని చేయలేదు. ఇంక ఎనిమిది రోజులు."

తెల్లారి పంతుళ్లు బడికొచ్చేసరికి ఒకటే చాప పరిచి ఉంది.

"నూకాలూ, నా చాపేదీ?" అన్నాడు లెక్కల పంతులు.

"చెద తినేసింది బాబూ."

"మరి నాది?" అన్నాడు చేతిపనుల పంతులు.

"తమరిదీ అంతే బాబూ. ఏటి చేస్తాను? ఒక్కటే మిగిలింది. సర్దుకోండి."

నేల మీద కూర్చుంటే పరువు తక్కువ. ముగ్గురూ ఒకే చాప మీద మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్నారు. నూకాలు చీపురు పక్కన పెట్టింది.

"బాబూ, చదువు లేనిదాన్ని. మూడు మాటలు అడుగుతాను, కోప్పడకండి. చాప అల్లేముందు నేను ఇవే అడుగుతాను. ఈ పని ఎవరి కోసం?"

"మడి కోసం," అన్నారు.

"మడికి ఎన్ని నీళ్లు కావాలో మడిని అడిగారా?"

అడగలేదు. ఆ పూటే పిల్లలు కొత్త బాన ఒకటి తెచ్చి, కుండతో దాన్ని నింపుతూ ఒక సాలు తడిపి చూశారు. నాలుగు బానల నీళ్లు పట్టింది. సాళ్లు ముప్పై. నూట ఇరవై బానలని పిల్లలే లెక్క కట్టారు.

"రెండో మాట. ఈ పని ఎవరి చేత్తో?"

"పిల్లల చేత్తో."

"మరి మూర మీ చేతిదెందుకు బాబూ?"

లెక్కల పంతులు తల దించుకున్నాడు. అందరిలోకీ చిన్నదైన తవిటమ్మను పిలిచారు. దాని మూరకు సరిగ్గా ఒక కర్ర కోశారు. నుయ్యి ఆ కర్రతోనే కొలిచారు. గడ ఆ కర్రతోనే కోశారు. దూలం కొసన ఒక్కో రాయీ కడుతూ, తీస్తూ, తవిటమ్మ ఒక్కతీ లాగగలిగిన చోట ఆపారు.

"మూడో మాట. మీలో ఎవరు ఎవరిని అడిగారు?"

పాటల పంతులు లెక్కల పంతులు వైపు తిరిగాడు. "లెక్కల పంతులుగారూ, పిల్లలు నూట ఇరవై అన్నారు కదా. పది చరణాలు, చరణానికి పన్నెండు పాదాలు కడతాను. పాదానికో బాన."

"కట్టండి. అంకెలు నేనిస్తాను."

"గడ లేచి దిగేటంత పొడుగే ఉండాలండోయ్ పాదం," అన్నాడు చేతిపనుల పంతులు. ముగ్గురూ నవ్వారు. ఆ బడిలో ముగ్గురు పంతుళ్లు కలిసి నవ్వడం అదే మొదలు.

పున్నమి నాటికి చోడి మొక్కలు నిటారుగా నిలబడ్డాయి. చిట్టినాయుడు గట్టు మీద కూర్చుని అడిగాడు. "ఏమే తవిటీ, ఎన్ని బానలు తోడార్రా?"

"లెక్క పెట్టక్కర్లేదు తాతా. పాట అయిపోతే మడి తడిసినట్టే."

చిట్టినాయుడు తాళం మాట మళ్లీ ఎత్తలేదు. మర్నాడు తన మనవరాలిని కూడా బడికి తీసుకొచ్చాడు.

ఆ రోజు నుంచి ఏ పని తలపెట్టినా పంతుళ్లు ముందు ఆ చాప మీద కూర్చునేవాళ్లు. నూకాలు మూడు మాటలూ అడిగేది. అలా గాలిపటం ఎగిరింది, గాదె లేచింది, వానను కొలిచే కుండ తయారైంది. కానీ ఆ రోజు నుంచే నూకాలు తన అంబలిలో ఉప్పు మానేసింది. "ఉప్పు కూడా దాచుకుంటున్నావా అవ్వా?" అని పిల్లలు వెక్కిరిస్తే నవ్వి ఊరుకునేది.

ఏళ్లు గడిచాయి. ఒక శ్రావణంలో నూకాలు నిద్రలోనే కన్ను మూసింది. పంతుళ్లు ఆమె గుడిసెకు వెళ్లారు. చూరు కింద రెండు చాపలు చుట్టి కట్టి ఉన్నాయి. విప్పి చూశారు. తూర్పు మూల చాప ఒకటి, అరుగు మీది చాప ఒకటి. ఒక్క ఆకు చెదరలేదు. చెద అన్నది సోకనే లేదు.

పక్కింటి పైడమ్మ చెప్పింది. "నాతో ఒక్కసారే అంది బాబూ. పంతులు బాబులతో అబద్ధమాడాను, నోటితో చేసిన తప్పు నోటితోనే తీర్చుకోవాలి అంది. అందుకే ఉప్పు మానేసింది."

అబద్ధం తప్పే. మంచికోసం ఆడినా తప్పే. ఆ ముసలిది దాన్ని ఒప్పని ఎప్పుడూ అనలేదు. మనమూ అనకూడదు. తప్పు చేసింది, తెలుసుకుంది, చచ్చేదాకా శిక్ష వేసుకుంది. అంత నిక్కచ్చి మనిషి ఆ బడిలో ఇంకొకరు లేరు.

లెక్కల పంతులు ఆ చాపలు రెండూ మళ్లీ చుట్టాడు. ముడి వేస్తూ అన్నాడు. "మన ముగ్గురి అహంకారానికి ఆమె ఉప్పు మానేసింది. ఇక ఆ శిక్ష మనది."

అందుకే ఆ వైపు ఊళ్లలో ఎవరికి వారే పని చేసి చెడగొడితే, ఇప్పటికీ "మూడు చాపల ఏతం" అంటారు. బడి గోడకు మూరెడు కర్ర ఒకటి వేలాడుతుంది. దాన్ని తవిటమ్మ మూర అంటారు. కొత్త ఏడు బడి తెరిచేముందు పంతుళ్లందరూ ఒక్క చాప మీద కూర్చుంటారు. ముందర చప్పటి అంబలి పెట్టుకుంటారు. ఎవరి కోసం, ఎవరి చేత్తో, ఎవరు ఎవరిని అడిగారు అని మూడు మాటలూ అనుకుంటారు. మూడింటికీ జవాబు కుదిరి, అందరి మాటా ఒకటయ్యేదాకా ఉప్పు కుండ మూత తీయరు.