హుసేనమ్మ గుమ్మడికాయ

కాశీంసాకి మూడు రోజులుగా ముద్ద దిగడం లేదు. కూతురు నోరు తెరిచి అడిగితే లేదన్నాడు. లేక కాదు, పెట్టుకుని లేదన్నాడు. అది కూడా కడుపుతో ఉన్న పిల్లతో.

అతను చింతలగుట్ట మీద జమాల్ తాత దగ్గర ఉంటాడు. జమాల్ తాత ఫకీరు. గుట్టెక్కి వచ్చినవాళ్లు ఏ దేవుడికి మొక్కేవాళ్లయినా సరే, మధ్యాహ్నం ఇంత సంగటీ కూరా తినకుండా దిగనివ్వడు. కింది ఊళ్ల రైతులు తమ చేలో పండినవాటిలో ఒక బుట్ట ఆయనకని పక్కన పెడతారు. ఒకోసారి ఒకే రోజు పది బుట్టలొస్తాయి, మళ్లీ పది రోజులు ఒక్కటీ రాదు. వచ్చినవి చెడిపోకుండా చూసుకునే పని కాశీంసాది. భార్య హుసేనమ్మ చనిపోయిన నెలకే అతను ఇంటికి తాళం వేసి గుట్టెక్కాడు. అప్పటినుంచి తాతే గురువు, కూరగాయల కొట్టే కాపురం.

ఆ కొట్టు చూడాల్సిందే. నిమ్మకాయలు ఇసుకలో పూడ్చి ఉంటాయి. ఉల్లిగడ్డలు వెదురు తడికె మీద గాలికి ఆరుతుంటాయి, వాటి దరిదాపులకు కూడా ఉర్లగడ్డల్ని, అదే బంగాళాదుంపల్ని, రానివ్వడు. టమేటాలు తొడిమ కిందికి పెట్టి వరసగా కూర్చోబెడతాడు. ఆకుకూరల వేళ్లకు తడిగుడ్డ చుట్టి, ఆకు మీద మాత్రం చుక్క నీరు పడనివ్వడు. పట్నం షావుకారు ఒకాయన భక్తితో ఫ్రిజ్ ఇచ్చి పోయాడు గానీ, గుట్ట మీద కరెంటు ఉన్నంతసేపే దాని ప్రతాపం. కాశీంసా దాంట్లో గరిటెలు పెట్టుకున్నాడు.

కింది ఊళ్ల ఆడవాళ్లు వచ్చి అతన్ని అడిగి నేర్చుకుపోతారు. అలా అడిగిన రోజు కాశీంసా కాస్త గట్టిగానే మాట్లాడతాడు. మనిషన్నాక ఆ మాత్రం ఉంటుంది.

కొట్టు మూలలో, వాసానికి కట్టిన తాళ్ల ఉట్టిలో, ఒక గుమ్మడికాయ ఉంది. హుసేనమ్మ పెరట్లో పెట్టిన పాదుకు కాసిన చివరి కాయ అది. తన చేత్తో కోసి, తొడిమ చెక్కుచెదరకుండా తెచ్చి, తనే ఇంట్లో ఉట్టిలో పెట్టింది. తర్వాత ఎనిమిది రోజులే ఉంది ఆమె. కాశీంసా గుట్టెక్కేటప్పుడు ఒక చేతిలో బట్టల మూట, ఇంకో చంకలో ఈ కాయ. ఏడు నెలలు దాటినా అది బంగారు ముద్దలా అలాగే వేలాడుతోంది.

మొన్న శుక్రవారం కూతురు మాబుజాన్ వచ్చింది. ఐదో నెల. ఏం తిన్నా కడుపులో నిలవడం లేదట, మొహం పీక్కుపోయింది. తండ్రిని చూద్దామని కొట్టులోకి వచ్చి, ఆ కాయ చూసి నిలబడిపోయింది. అమ్మ చేసినట్టు బెల్లం వేసి పులుసు చేసుకుంటాను, అదైతే తినగలననిపిస్తోంది, ఇవ్వమంది.

కాశీంసా అంతకంటే పెద్ద కాయలు రెండు తీసి ముందు పెట్టాడు. ఆమె వాటి వంక చూడలేదు. ఇసుకలోంచి నిమ్మకాయలు తీసిచ్చాడు. అవీ వద్దంది. చివరికి, అదొక్కటి తప్ప కొట్టులో ఏది కావాలన్నా పట్టుకుపొమ్మన్నాడు.

"నాకు మాత్రం ఆమె అమ్మ గాదా నాయనా?" అంది మాబుజాన్.

అతను నిమ్మకాయల్ని మళ్లీ ఇసుకలో పూడ్చసాగాడు. ఆ పిల్ల సంగటి కూడా ముట్టకుండా, కళ్లు తుడుచుకుంటూ గుట్ట దిగిపోయింది.

నాలుగో రోజు పొద్దున కాశీంసా తాత ముందు కూర్చుని జరిగిందంతా చెప్పాడు. తనకి ఆమె గుర్తంటూ మిగిలింది అదొక్కటేననీ, అది కూడా పోతే కొట్టులో తనకు ఏమీ లేనట్టేననీ అన్నాడు. తను చేసింది తప్పో ఒప్పో చెప్పమన్నాడు.

తాత జుబ్బాకి ఊడిన గుండీ కుట్టుకుంటున్నాడు. దారం కొరికి, సూది దిండుకు గుచ్చి లేచాడు.

"కాశీమూ, నీ కొట్టు నేనెప్పుడూ సరింగా చూసిందిల్యా. పా, చూపీ."

తన మాట తాతకు వినబడలేదేమోనని కాశీంసాకి అనుమానం వచ్చింది. ఎనభై ఏళ్ల చెవులు. మనసు చివుక్కుమన్నా, గురువు అడిగాక కాదనలేక ముందు నడిచాడు.

కొట్టులో తాత నిజంగానే కొత్తగా పనిలో చేరినవాడిలా అన్నీ అడిగాడు. పచ్చిమిరపకాయలకు తొడిమలు తీసేసి, గుమ్మడికాయలకు మాత్రం ఎందుకు ఉంచుతావన్నాడు. అరటి గెలను వేలాడదీయడం ఎందుకన్నాడు. చెబుతూ చెబుతూ కాశీంసా తన బాధ కాసేపు మర్చిపోయాడు కూడా.

"ఇంతమట్టుకు బాగుంది. ఏది ఎప్పుడు వంటకు పంపల్లనో నీకెట్ల తెలుస్తాది?"

"రోజూ పొద్దున్నే ఒక్కోదాన్నీ బొటనేలితో నొక్కి చూస్తా తాతా. ఏలు దిగిందంటే ఆ పొద్దే వంటకు పోవల్ల. ఒక్క దినం తడవైనా అది మేకలకే."

తాత ఒక టమేటా తీసి నొక్కాడు. బలం ఎక్కువై రసం జుబ్బా మీద చింది, ఇప్పుడే కుట్టిన గుండీ దాకా పాకింది. కాశీంసా నవ్వాపుకోలేక తన తువ్వాలిచ్చాడు. తాత కూడా నవ్వాడు. బీరకాయ నొక్కాడు, వంకాయ నొక్కాడు, దోసకాయ నొక్కాడు. అలా నొక్కుకుంటూ మూలకు వచ్చి ఆగాడు.

"దీన్ని?"

కాశీంసా నవ్వు పోయింది.

"దాన్ని నొక్కను తాతా. తెచ్చి కట్టినప్పట్నించి చెయ్యి పెట్టిందిల్యా. మనసు రాదు."

తాత తల పైకెత్తి ఉట్టి వంక చూశాడు. చెయ్యి చాచాడు. పొట్టి మనిషి, వేళ్ల చివర్లు తాళ్లకు తగిలాయి, అంతే.

"నాకందదు," అన్నాడు. "నువ్వే చూడు."

కాశీంసా అరచేతులు పంచెకు తుడుచుకున్నాడు. తర్వాత ముక్కాలిపీట లాక్కుని ఎక్కాడు. కాయ అడుగున చెయ్యి పెట్టాడు. గట్టిగా ఉంది. పక్కలు తడిమాడు. గట్టిగానే ఉన్నాయి. ఊపిరి తీసుకుని, తొడిమ చుట్టూ బొటనవేలు ఆనించాడు.

వేలు దిగిపోయింది.

అతను పీట దిగి నేల మీద కూర్చుండిపోయాడు. ఊరందరి కాయలూ రోజూ చూసిన చెయ్యి అది. వాళ్లూ వీళ్లూ తెచ్చిచ్చిన వంకాయను కూడా చెడనివ్వలేదు. భార్య కాయను మాత్రం దేవుడి పటంలా దూరం నుంచి చూస్తూ చెడగొట్టుకున్నాడు. ఆ సంగతి తాత చెప్పలేదు, అతని వేలే చెప్పింది. సిగ్గూ దుఃఖమూ ఒకేసారి ముంచుకొచ్చాయి.

తాత కూడా మోకాళ్లు పట్టుకుని మెల్లగా పక్కన కూర్చున్నాడు. ఓదార్చలేదు, తప్పుపట్టలేదు. కింద రాలిన ఉల్లిపొట్టు ఒకటొకటే ఏరి పక్కన పోశాడు. తర్వాత, అదివరకటిలాగే, పని నేర్చుకునేవాడి గొంతుతో అడిగాడు.

"ఇట్లుండేది ఎన్నాళ్లు ఆగుతాది కాశీమూ?"

కాశీంసా మొహం తుడుచుకున్నాడు. తెలిసిన విద్య కాబట్టి నోరు దానంతటదే పలికింది.

"ఈ పొద్దు కోస్తే ముక్కాలు భాగం బాగుంటాది. రేపంటే చెప్పలేను."

"మాబుజాన్ వాళ్ల ఊరికి బస్సు ఎన్ని గంటలకు?"

"పదకొండుకు," అని కాశీంసా లేచి ఉట్టి విప్పాడు.

బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాడు. పక్కనామె సీటు కింద పెట్టుకోమని రెండుసార్లు చెప్పింది. అతను తల అడ్డంగా ఊపాడు.

మాబుజాన్ గడప లోపలే నిలబడింది, రమ్మనలేదు. కాశీంసా కాయను ఆమె కాళ్ల దగ్గర దించాడు. క్షమించమని అడగాలనే వచ్చాడు, దారంతా మాటలు కూడబలుక్కున్నాడు. తీరా నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది:

"మెత్తబడిందమ్మా. ఈ పొద్దే చెయ్యల్ల."

ఆమె తండ్రి మొహం చూసింది. ఇంకేమీ అనకుండా లోపలికెళ్లి కొడవలిపీట తెచ్చింది. అతను దాన్ని తన ముందుకు లాక్కుని, చెడిన భాగం తనే కోసి తీసేశాడు. లోపల పసుపుపచ్చగా, గట్టిగా, శుభ్రంగా ఉంది.

పులుసు ఉడికేసరికి మధ్యాహ్నం దాటింది. మాబుజాన్ ఇద్దరికీ సంగటి పెట్టి, గుంటలు చేసి పులుసు పోసింది. మొదటి ముద్దకే కాశీంసా కళ్లలో నీళ్లు తిరిగి చారలుగా కారాయి.

"ఏడ్చకుండా తిను నాయనా," అంది ఆమె. "నిన్ను జూస్తే నాకూ ఏడుపొస్తాది, తిన్నది నిలవదు."

అతను కళ్లొత్తుకుని తిన్నాడు. ఆమె రెండుసార్లు వడ్డించుకుని తింది. తిన్నది నిలిచింది.

మర్నాడు అతను బయల్దేరేటప్పుడు మాబుజాన్ పులుసు పోసిన ఒక మూతగిన్నె చేతికిచ్చింది, తాతకు పెట్టమని.

తాత ఆ పూట భోజనంలోకి వేరే కూర వద్దన్నాడు. కాశీంసా ఎదురుగా కూర్చుని వడ్డించాడు. కూతురు కడుపునిండా తిన్న సంగతి చెప్పాడు. మొన్నే ఇచ్చి ఉంటే పిల్ల ఏడుస్తూ గుట్ట దిగేది కాదు కదా, కాయ కూడా పావు వంతు చెడేది కాదు కదా అన్నాడు. తాత వింటూనే, పులుసులో సంగటి అద్దుకుని నిదానంగా తింటున్నాడు. కాశీంసా నొచ్చుకునే మాటలన్నీ అయ్యేదాకా ఆగి, పళ్లెం ముందుకు జరిపాడు.

"ఇంకొంచెం ఉందా?"

కాశీంసా గిన్నె వంచాడు. అంచుల వెంట గరిటెతో గీకి, అడుగున మిగిలిన ఒక్క ముక్కనూ ఆయన పళ్లెంలో వేశాడు. ఖాళీ గిన్నె చేతిలో పట్టుకుని కాసేపు దానిలోకి చూశాడు.

"అయిపాయ తాతా," అన్నాడు.

తాత ఆ ముక్క నోట్లో పెట్టుకుని, నమిలి, మింగాడు.

"మంచిది," అన్నాడు.