లింగప్ప పిలుపు

బండి తోలే ఈరన్నకు ఏడాదిగా కంటినిండా నిద్ర లేదు. పోయిన కార్తీకంలో శ్రీశైలం దారిలో ఎవరో దొంగలు మంచులో నక్కి, అచ్చం బండివాడిలా కేకేసి, ఒక బండిని లోయలోకి పంపారు. కింద చచ్చిపడ్డవాళ్ల ఒంటిమీది సొమ్ములు ఒలుచుకుపోయారు. ఆ శవాలను పైకి మోసినవాళ్లలో ఈరన్న ఒకడు.

నల్లమలలో పొద్దుటిపూట మంచు దిగిందంటే సొంత ఎద్దుల కొమ్ములు కూడా కంటికి ఆనవు. అందుకే బండ్లవాళ్లకు ఒక కట్టుబాటు. ముందు బండివాడు దారి ఎలా ఉందో కేకేసి చెబుతాడు. వెనకవాడు ఆ కేక అందుకుని తన వెనకవాడికి అందిస్తాడు. అలా చివరి బండి దాకా పోవాలి.

ఈసారి యాత్రకు ఈరన్న ఆ కేకకు ఒక మెలిక పెట్టాడు. "హరహరా" అని సాగదీసి, మధ్యలో ఠక్కున తెంచి, మళ్లీ పైకెత్తాలి. మనవాళ్లకు తప్ప ఇంకెవరికీ చేతకాదు. అడవిలో అడుగుపెట్టిన రోజే బండ్లవాళ్లందరికీ తనే నేర్పాడు. ఏటా యాత్రికులను నడిపించే ముసలి జంగమయ్య మరుళయ్యస్వామి అతని గురువు. మర్నాడు తెల్లారుతూనే ఆయన దగ్గరికెళ్లి గొప్పగా చెప్పుకున్నాడు.

"ఇంక దొంగలు కాదు గదా, దెయ్యాలొచ్చినా మనల్ని ఏమార్చలేవు సామీ!"

"పొద్దున్నే వాటినెందుకు తలుస్తావులే నాయనా" అని స్వామి విభూతి పెట్టుకున్నాడు.

ఆ పొద్దుట మంచు మామూలుగా లేదు, పాలు పోసినట్టు ఉంది. అందరికన్నా ముందు లింగప్ప బండి వెళ్లింది. దాని వెనక ఈరన్న బండి. అందులో స్వామి, ఈరన్న చెల్లెలు సిద్ధమ్మ, పుట్టెంట్రుకలు తీయించాల్సిన ఆమె చంటిబిడ్డ. మిగతా బండ్లన్నీ వాళ్ల వెనక.

"హరహరా... ముందర రాయుంది, కుడికి ఒత్తు!" అని లింగప్ప కేక వచ్చింది. నిజంగానే రాయి ఉంది. ఈరన్న తప్పించి, కేక వెనక్కి అందించాడు. తర్వాత గుంట ఉందన్నాడు, గుంటా ఉంది. ఈరన్న మీసం దువ్వుకున్నాడు.

దారి రెండుగా చీలిన చోట మళ్లీ కేక. "హరహరా... కుడిదారి వానకు తెగింది. ఎడమకు రాండి!"

ఈరన్న ఎద్దులను ఎడమకు తిప్పాడు.

"ఆపు" అన్నాడు స్వామి.

"మన పిలుపే సామీ. నేను పెట్టిన మెలికే. లింగప్ప గొంతు నాకు తెలీదా?"

స్వామి కర్ర పట్టుకుని దిగి, ఎడమదారిలో నాలుగడుగులు వేసి చేయూపాడు. ఈరన్న విసుక్కుంటూ దిగి వెళ్లాడు.

దారికి అడ్డంగా, ఈ పొద నుంచి ఆ పొద దాకా సాలెగూడు. నిండా మంచుబొట్లు. ఒక్క పోగు తెగలేదు.

"లింగప్ప బండి ఈ దారినే పోయిందా?"

బండిలో బిడ్డ ఉలిక్కిపడి ఏడ్చింది. సిద్ధమ్మ ఎత్తుకుని ఊరుకోబెట్టింది. ఆ ఏడుపు ఆగిందో లేదో, సాలెగూటికి అవతల మంచులోంచి అదే ఏడుపు వినిపించింది.

"అన్నా," అంది సిద్ధమ్మ. "మన బండ్లలో ఇంకో చంటిబిడ్డ లేదు గదా?"

వెనక బండ్ల గంటలు దగ్గరవుతున్నాయి. వాళ్లంతా ఇటే తిరుగుతారు! ఈరన్న హెచ్చరించడానికి నోరు తెరిచాడు. స్వామి చటుక్కున అరచేత్తో ఆ నోరు మూసేశాడు.

ఈరన్న ఆ చేతివైపు చూశాడు. తను పెట్టిన మెలిక నిన్నటి నుంచీ అడవి అంతా మోగుతూనే ఉంది; ఇప్పుడు అరిచినా, ఆ గొంతు ఎవరిదో వెనకవాళ్లకు ఎలా తెలుస్తుంది?

ఇక అరవలేదు. చీలిక దగ్గర నిలబడ్డాడు. వచ్చిన ప్రతి బండికీ ఎదురెళ్లి, ముకుతాడు పట్టుకుని, తోలేవాడి మొహంలో మొహం పెట్టి చూసి, తనే కుడిదారిలోకి నడిపించాడు. అంతసేపూ ఎడమవైపు నుంచి "రాండి, రాండి" అంటూ లింగప్ప గొంతు పిలుస్తూనే ఉంది. కాసేపటికి ఈరన్న గొంతుతో కూడా పిలిచింది.

కుడిదారి ఎక్కడా తెగలేదు. మిట్ట మీద లింగప్ప బండి ఆపుకుని, మెడకు తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. ఈరన్న పరుగున పోయి వాటేసుకున్నాడు.

"చీలిక దాటినాక కేకెయ్యడం ఎందుకు మానేసినావురా?"

లింగప్ప గొంతు చూపించుకున్నాడు. గుసగుసగా గాలి తప్ప ఏమీ రాలేదు. "రాత్రే పట్టేసింది అన్నా. తెల్లారిన కాడి నుంచి ఒక్క కేకా వెయ్యలేదు. మీరే ఒకరికొకరు పిలుచుకుంటాండారనుకుంటి."

ఈరన్నకు రాయి గుర్తొచ్చింది. గుంట గుర్తొచ్చింది.

"సామీ... అయితే పొద్దుటి నుంచీ మనకు దారి చెప్పిందెవరు?"

స్వామి బండెక్కి కూర్చుని, కర్ర ఒళ్లో పెట్టుకున్నాడు.

"నిజం చెప్పినంతసేపూ, ఎవరు నువ్వని అడిగితివా నాయనా?"