పనసగొంది మలుపులో కుంగే బండి

పైడిరాజు వచ్చి గురువమ్మ ముందు కూర్చుని చాలాసేపయింది. నోరు పెగలడం లేదు. ఆవిడ చింతపండులో గింజలు తీసుకుంటోంది. గుచ్చి గుచ్చి అడిగే రకం కాదావిడ, చెప్పాల్సినవాడే చెప్పుకోవాలి.

"అమ్మా, బండికి సస్పెన్షన్ మార్పించేద్దామనుకుంటున్నాను," అన్నాడు చివరికి.

"అంటే ఏటి నాయనా?"

ఆ మాత్రం అడిగితే చాలు. మిగతా విషయాల్లో నీళ్ళు నములుతాడు గానీ, బండి సంగతి ఎత్తితే పైడిరాజు నోటికి పగ్గాలుండవు. సన్యాసం పుచ్చుకుందామని ఈ కొండెక్కకముందు విజయనగరంలో మెకానిక్కు పని చేసినవాడు మరి. 'జ్ఞానం కావాలమ్మా' అని కాళ్ళ మీద పడితే, ఈవిడ ఆశ్రమం పికప్ బండి తాళం చేతిలో పెట్టి 'పై ఊళ్ళలో జబ్బుపడ్డవాళ్ళని కింద ఆసుపత్రికి దింపి రా' అంది. అప్పట్నించీ దింపుతూనే ఉన్నాడు. జ్ఞానం సంగతి దేవుడెరుగు, కొండదారి మాత్రం కంఠతా వచ్చేసింది.

"బండి కింద బరువు మోసే ఇనప కమాను కట్టలున్నాయే, ఇవి కంపెనీ వేసిచ్చినవమ్మా. బరువు మొయ్యడానికి చేసినవి. బియ్యం బస్తాలేసుకుని పైకొచ్చేటప్పుడు ఉయ్యాల్లో ఉన్నట్టుంటాది. అదే ఖాళీగా దిగితే ప్రతి రాయికీ ఎగిరిపడతాది. మనం జబ్బు మనుషుల్ని దింపేది ఖాళీ బండిలోనే కదా. బరువు కోసం ఇసక బస్తాలేసి చూశాను. వంపుల్లో దొర్లి, పడుకున్న మనిషి మీదకొచ్చాయి. కాఫీతోట భూపతిరాజుగారు కొత్త సెట్టు కొనిస్తానన్నారు. కమాన్లు, షాక్ అబ్జార్బర్లు, అన్నీ. సోమవారం తీసుకెళ్తే కింద షెడ్డులో బిగించేస్తారు."

"ఊఁ," అంది గురువమ్మ ఇంకో గింజ తీస్తూ.

"చిలకమ్మకి ఈ నెలాఖరుకే పురుడమ్మా."

ఆవిడ చెయ్యి ఆగింది.

చిలకమ్మది ఎగువమెట్ట, ఆ దారికి చిట్టచివరి ఊరు. కిందటేడు నొప్పులు పడుతున్న ఆ పిల్లని పైడిరాజే ఎక్కించుకుని దిగాడు. ఆసుపత్రి చేరేసరికి బిడ్డ దక్కలేదు. డాక్టరమ్మ వేరే కారణమేదో చెప్పింది. కానీ అత్త సోములమ్మ బండి వెనక తొట్టిలోనే కూర్చుండిపోయి, ఎవరినీ తిట్టకుండా, "దారంతా కుదిపేసింది బాబూ," అని ఒక్క మాట అంది. తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాడు. తిట్టలేదు గనక ఆ మాట గుండెలో అలాగే ఉండిపోయింది. ఈసారి కూడా ఆ పిల్ల బిడ్డకి ఏమన్నా అయితే ఇక తాను స్టీరింగు ముట్టుకోలేడు. అది అతనికీ తెలుసు, గురువమ్మకీ తెలుసు.

"మంచి పనే. మరి ఇంతసేపూ నోరు కట్టేసింది ఇదేనా?" అంది ఆవిడ.

పైడిరాజు తల దించుకున్నాడు. "ఇంకోటుంది. పనసగొంది దగ్గర."

పనసగొంది అనే ఊరు ఇప్పుడు లేదు. పైడిరాజు ఈ కొండకి రాకముందు, వానాకాలంలో, కొండచరియ విరిగి ఊరి మీద పడింది. తవ్వినన్నాళ్ళు తవ్వి, ఇంక లాభం లేదని వదిలేశారు. తర్వాత దారి వేసినవాళ్ళు ఆ మట్టినే చదును చేసి, దాని మీంచే మలుపు తిప్పేశారు. ఎంత నిమ్మకు నీరెత్తినట్టు వేశారో చూడండి, ఆ రోడ్డు ఇళ్ళ కప్పుల మీంచే పోతుంది. ఆనవాలుగా మిగిలింది ఒక్కటే, రోడ్డు పక్కన పనసచెట్టు కొన. కొన అంటే కొనే, మిగతా చెట్టంతా మట్టి కిందుంది. ఇప్పటికీ చిగురేస్తుంది.

"అక్కడికొచ్చేసరికి బండి కుంగుతాదమ్మా," అన్నాడు పైడిరాజు గొంతు తగ్గించి. "వెనక పురుగు కూడా ఉండదు. మలుపులోకి తిరగ్గానే కమాన్లు కిర్రుమంటాయి. కాసేపాగి మళ్ళీ కిర్రుమంటాయి. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు ఎక్కుతున్నట్టు. అక్కణ్ణించి కింద పారే గెడ్డ దాకా బండి మెత్తగా పోతాది. గెడ్డ దాటకముందు మళ్ళీ పైకి లేస్తాది."

"అప్పుడు నువ్వేం చేస్తావు?"

"గేరు మార్చి ఆగకుండా పోనిచ్చేస్తాను."

"ఎనక్కి చూళ్ళేదా ఎప్పుడూ?"

"ఒకసారి అద్దంలో చూశానమ్మా. ఏమీ లేదు. ఏమీ లేదు గనకే ఎక్కువ భయమేసింది."

"కొత్త కమాన్లు వేస్తే కుంగదంటావు."

"కుంగదమ్మా," అన్నాడు పైడిరాజు. అంత ఆశగా ఆ మాట అన్నందుకు తనకే సిగ్గేసింది.

గురువమ్మ చేట పక్కన పెట్టి లేచింది. "రేపు నేనూ వత్తాను. ఎనకాల తొట్టిలో కూకుంటాను."

ఆ కొండ మీద ఒక పద్ధతుంది. బండి ఖాళీగా పోతుంటే, చెయ్యెత్తినవాళ్ళ కోసమే కాదు, దారి పక్కన ఊరికే నిలబడ్డవాళ్ళ దగ్గర కూడా ఆపి, వస్తారా అని అడగాలి. లోపలున్నవాళ్ళు జరిగి చోటివ్వాలి. ఆపకుండా పోయినవాణ్ణి ఊరూరా చెప్పుకుంటారు, వాడికి మంచినీళ్ళు కూడా పుట్టవు. పైడిరాజు ఆ పద్ధతి ఎన్నడూ తప్పలేదు. ఒక్క పనసగొందిలో మాత్రం బండి ఆపలేదు. అక్కడ ఎవరూ నిలబడి ఉండరు కదా, ఎవరికోసం ఆపుతాడు?

మర్నాడు పైన బియ్యం దింపేసి, ఖాళీ బండితో తిరుగు దారి పట్టారు. పొద్దెక్కినా మంచు విడవలేదు. గురువమ్మ తొట్టిలో గోనె పరుచుకుని, తన మూట పక్కన పెట్టుకుని, క్యాబినుకి వీపు ఆనించి కూర్చుంది. ముసలి ప్రాణం, ప్రతి రాయికీ ఎగిరెగిరి పడుతోంది. "అమ్మా, ముందుకొచ్చి కూర్చోండి," అని పైడిరాజు రెండుసార్లు బతిమాలాడు. వినలేదు.

పనసగొంది మలుపులోకి తిరిగారు. గేరు మార్చబోతుంటే క్యాబిను పైన ఆవిడ అరచేత్తో తట్టింది. ఆపమని.

ఆపాడు. ఆ చోట బ్రేకు మీద కాలు పెట్టడం అదే మొదలు. మంచులో పనసకొమ్మ ఒక్కటి తప్ప ఏమీ కనపడటం లేదు. కమాన్లు కిర్రుమన్నాయి. బండి వెనక్కి కాస్త ఒరిగింది. మళ్ళీ కిర్రుమన్నాయి. పైడిరాజుకి వీపంతా చెమట పట్టింది.

వెనక అద్దంలోంచి గురువమ్మ కనిపిస్తోంది. మోకాళ్ళు దగ్గరికి లాక్కుంది. మూటని ఒళ్ళోకి తీసుకుంది. గోనెతో సహా మూలకి జరిగింది.

"ఉండండి, జరుగుతన్నాను," అంది ఎదురుగా చూస్తూ. ఎదురుగా ఖాళీ రేకు తప్ప ఏమీ లేదు. "ఆ పిల్లాణ్ణి అంచున కూకోబెట్టకమ్మీ. ఒళ్ళోకి తీసుకో."

కాసేపాగి క్యాబిను తట్టింది. "పద నాయనా. నెమ్మదిగా పోనీ."

గెడ్డ దాకా బండి మెత్తగా పోయింది. గెడ్డ ఒడ్డున ఆవిడ మళ్ళీ తట్టింది. బండి ఆగాక చెయ్యి చాపి, ఎవరినో పట్టుకుని దింపుతున్నట్టు, ఒక్కొక్కళ్ళ కోసం ఆగి ఆగి దించింది. బండి మెల్లగా పైకి లేచింది.

పైడిరాజు కిందికి దిగి తొట్టి పట్టుకుని నిలబడ్డాడు.

"ఎవరమ్మా వాళ్ళు?"

"పనసగొందోళ్ళు. ఇంకెవరుంటారు?" పక్కింటివాళ్ళ గురించి చెప్పినట్టు చెప్పింది ఆవిడ. "వాన పట్టుకున్న రోజున అందరూ మూటలు కట్టుకుని కిందికి దిగిపోదామని చూశారు. ఏ బండీ రానేదు."

"మరి ఈ గెడ్డ దగ్గరే దిగిపోతారేం?"

"నీ తొందర చూసి దిగిపోతారేమో," అంది గురువమ్మ.

అతను వంగి బండి కింద కమాన్ల వైపు చూశాడు. "కమాన్లు మార్పించమంటారా, వద్దంటారా?"

"సోమవారం ఇంకా రానేదు కదా నాయనా."

సోమవారం రాకముందే బిడ్డకి తొందరొచ్చింది. శనివారం పొద్దున్నే ఎగువమెట్ట నించి ఫోను. చిలకమ్మకి నొప్పులు మొదలయ్యాయి. మొగుడు కూలికి పోయి ఊళ్ళో లేడు. పైడిరాజు వెళ్ళేసరికి సోములమ్మ, చాప మీద పడుకోబెట్టిన కోడలి తల ఒళ్ళో పెట్టుకుని, తొట్టిలో ఎక్కడానికి సిద్ధంగా ఉంది.

ఆ దారి గురించి ఎంత చెప్పినా తక్కువే. నెమ్మదిగా పోతే ఆలస్యమయిపోతుంది, తొందరగా పోతే బండి ఎగిరిపడుతుంది. రాయి తగిలినప్పుడల్లా చిలకమ్మ కేక క్యాబినులోకి వస్తోంది. పైడిరాజు పళ్ళు బిగించి చక్రాలని రాళ్ళ మధ్యనించి తప్పిస్తున్నాడు. తనకి తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాడు. అద్దంలో సోములమ్మ మొహం కనిపించింది. కిందటేడు చూసిన మొహమే. ఈసారి కూడా ఆవిడేమీ అనడం లేదు.

పనసగొంది మలుపు వచ్చింది. చెయ్యి అలవాటుగా గేరు మీదకి పోయింది. అంతలో కాలు బ్రేకు తొక్కేసింది.

బండి ఆగింది. పైడిరాజు దిగాడు. భయం పోయి కాదు, గొంతు దాకా భయంతోనే దిగాడు. వెనక్కి వెళ్ళి తొట్టి డోరు తీశాడు.

"ఎందుకాపీసినావు బాబూ?" అంది సోములమ్మ కంగారుగా.

అతను మంచులోకి తిరిగి, దారిలో ఎవరు కనపడినా పిలిచే గొంతుతోనే పిలిచాడు. "ఆసుపత్రికి పోతన్నాను. లోపల పురిటి మనిషుంది. వచ్చేవాళ్ళు రండి. కాస్త సర్దుకుని కూర్చోండి."

ఏమీ లేదు. పనసకొమ్మ నించి నీటిబొట్లు రాలుతున్నాయి. లోపల పిల్ల మూలుగుతుంటే తానిక్కడ గాలితో మాట్లాడుతున్నాడు. ఎంత తెలివితక్కువ పని చేశానా అని ఏడుపొచ్చింది.

కమాను కిర్రుమంది.

మళ్ళీ. మళ్ళీ. ఎన్నడూ కుంగనంత కుంగింది బండి. డోరు అంచు అతని మోకాలి దాకా దిగిపోయింది. సోములమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. ఆవిడా ఆ కొండ మనిషే. చీరకుచ్చెళ్ళు దగ్గరికి లాక్కుని, ఓ పక్కకి జరిగింది.

పైడిరాజు డోరు వేసి బండెక్కాడు.

చక్రాల కింద అవే రాళ్ళు, అదే దారి. బండి మాత్రం నీళ్ళ మీద పోతున్నట్టు పోయింది. చిలకమ్మ కేకలు మూలుగులయ్యాయి, మూలుగులు నిట్టూర్పులయ్యాయి. గెడ్డ ఒడ్డున ఆపి, దిగేవాళ్ళ కోసం చూశాడు. ఎవరూ దిగలేదు. అందరితోనూ గెడ్డ దాటాడు. తారురోడ్డెక్కాడు. ఆసుపత్రి గేటు దాకా బండి ఆ బరువుతోనే వచ్చింది.

స్ట్రెచరు మీదకి మారుస్తుంటే చిలకమ్మ అత్త చెయ్యి పట్టుకుంది. "అత్తా, దారంతా నా నడుం పట్టుకున్న ముసలమ్మెవరే? చేతులు సల్లగున్నాయి. తడిమట్టి వాసనొచ్చింది."

సోములమ్మ కోడలి నుదురు తుడిచింది.

ఎండ బాగా ఎక్కేసరికి లోపల్నించి ఏడుపు వినిపించింది. ఆడపిల్ల. ఊపిరి నిండా తీసుకుని, వరండా దాటి రోడ్డు దాకా వినపడేలా ఏడుస్తోంది. సోములమ్మ బయటికొచ్చి పైడిరాజు రెండు చేతులూ పట్టుకుంది. ఆవిడా ఏడ్చింది, ఇతనూ ఏడ్చాడు. తర్వాత మొహం కడుక్కుని బండి దగ్గరికొచ్చాడు. తొట్టి ఖాళీగా ఉంది. బండి వెనక భాగం ఇంకా కిందికే ఉంది. బిడ్డ ఏడుపు వింటున్నట్టు, ఎవరూ దిగలేదు.

ఆ బరువుతోనే తిరిగి కొండెక్కేటప్పుడు అతను తొందరపడలేదు. పనసగొంది మలుపులో ఆపి, డోరు తీసి, ఆఖరి మనిషి దిగి బండి పూర్తిగా పైకి లేచేదాకా పక్కన నిలబడ్డాడు.

ఆశ్రమం చేరేసరికి గురువమ్మ పెరట్లో తోటకూర కోస్తోంది. సంగతంతా చెబుదామని నోరు తెరిచాడు. అంతలో ఫోను మోగింది. కింద షెడ్డులో మేస్త్రీ. పైడిరాజు స్పీకరు పెట్టాడు.

"సోమవారం తెచ్చేస్తున్నావా గురూ? సామాను దిగిపోయింది. ఈ సెట్టు వేశామంటే నీకు బెంగే లేదు. పదిమందెక్కినా బండి ఇంత కూడా కుంగదు."

పైడిరాజు గురువమ్మ వైపు చూశాడు. ఆవిడ తలెత్తలేదు. కోసిన కాడల్లో మట్టి దులుపుతోంది.

"కుంగకపోతే," అంది, "అందరూ ఎక్కారో లేదో నీకెలా తెలుస్తాది నాయనా?"